కుక్క బిస్కెట్లు ఇంట్లోనే చేద్దాం... కిస్మిస్, చింతపండు లేకుండా

ఇంట్లో కుక్కను పెంచుకునే వాళ్లకు ఈమధ్య కొత్త సరదా పట్టుకుంది. దాని పుట్టినరోజుకు కేకు, పండక్కి లడ్డూ, చెప్పిన మాట విన్నందుకు బిస్కెట్లు... అన్నీ సొంతంగా చేసి పెడుతున్నారు. హైదరాబాద్, విశాఖలోనే కాదు, పలాస, కాశీబుగ్గ, టెక్కలిలోనూ ఇదే ముచ్చట. ఓపీకి వచ్చిన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు తమ బీపీ మాత్రలు రాయించుకున్నాక, లేచి వెళ్తూ వెళ్తూ అడుగుతుంటారు: ‘సార్, మీరు మనుషుల డాక్టరే గానీ, మా టామీకి ఇంట్లో బిస్కెట్లు చేద్దామనుకుంటున్నాం. ఏం వేస్తే మంచిది?’

నేను పశువైద్యుణ్ని కాను. మీ కుక్కకు జబ్బు చేస్తే చూడాల్సింది, మందు రాయాల్సింది వాళ్లే. కానీ ఈ ప్రశ్నలో నాకు బాగా పరిచయమున్న అవయవం ఒకటుంది. కిడ్నీ. ఉద్దానం ప్రాంతంలో పనిచేసే ఏ ఫిజీషియన్‌కైనా రోజులో సగం దాని చుట్టూనే గడుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఏ ఊరి నుంచి మనిషి వచ్చినా ముందు క్రియాటినిన్ కాగితమే తీసి బల్ల మీద పెడతారు. మన వంటింట్లో అలాంటి దెబ్బే కుక్క కిడ్నీని కొట్టగల వస్తువులు రెండున్నాయి. రెండూ మనం ప్రేమగా పెట్టేవే. ఒకటి కిస్మిస్, రెండోది చింతపండు. అందుకే ఏం వేయాలో చెప్పే ముందు ఏం వేయకూడదో చెబుతాను.

జీడిపప్పు పక్కనే ఉంటుంది

పలాసలో జీడిపప్పు కొనడానికి వెళ్తే పక్కనే కిస్మిస్ డబ్బా కనిపిస్తుంది. ఊరెళ్లేటప్పుడు చుట్టాలకు పట్టుకెళ్లే ప్యాకెట్లలో రెండూ ఉంటాయి. పాయసంలో, రవ్వకేసరిలో, లడ్డూలో జంటగా పడతాయి. పిల్లలకు బలమని గుప్పెడు చేతిలో పోస్తాం. అలాంటిది కుక్కకు విషమంటే ఎవరికైనా నమ్మబుద్ధి కాదు. పశువైద్యులకే చాలాకాలం తెలియలేదు.

1990ల చివర్లో అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ నడిపే విషప్రమాదాల కేంద్రానికి ఒకే తరహా ఫోన్లు రావడం మొదలైంది. కుక్క ద్రాక్ష తిన్నది, లేదా కిస్మిస్ తిన్నది. ఆ రోజే వాంతులు. రెండు మూడు రోజుల్లో మూత్రం ఆగిపోయింది. ఆ కేసులన్నీ కలిపి 2001లో పశువైద్య పత్రికలో ప్రచురించారు. పళ్ల మీద కొట్టిన మందు కారణమా, బూజు కారణమా అని రకరకాలుగా వెతికారు. ఏదీ సరిపోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత దారి దొరికింది. అది కూడా ద్రాక్షతో కాదు, పిల్లలు ఆడుకునే పిండిముద్దతో. ఇంట్లో చేసిన ఆ ముద్దలో క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పొడి కలుపుతారు. కేకుల్లో వాడే పదార్థమే. ఆ ముద్ద తిన్న కుక్కకు సరిగ్గా ద్రాక్ష తిన్న కుక్కకు అయినట్టే కిడ్నీలు దెబ్బతిన్నాయి. క్రీమ్ ఆఫ్ టార్టార్‌లోనూ ద్రాక్షలోనూ ఉండేది టార్టారిక్ ఆమ్లం. అదే ఆమ్లం దండిగా ఉండే మరో పండు కోసం చూస్తే మన చింతపండు కనిపించింది. చింతపండు తిని కిడ్నీ దెబ్బతిన్న కుక్కల కేసులు కూడా దొరికాయి. 2022లో ఇదంతా పశువైద్య అత్యవసర చికిత్సల పత్రికలో వచ్చింది.

మనిషికి ఏమీ కానిది కుక్కకే ఎందుకవుతుంది? ఈ ఆమ్లాన్ని కిడ్నీలోని కణాల నుంచి బయటికి పంపడానికి మనకున్న ఏర్పాటు కుక్కకు లేకపోవడం వల్ల అది అక్కడే పోగుపడి నాళికల గోడలను చంపుతుందని శాస్త్రవేత్తల అంచనా. ద్రాక్షలో ఈ ఆమ్లం మహా అయితే నూటికి రెండు పాళ్లు. ఎండి కిస్మిస్ అయితే చిక్కబడుతుంది. చింతపండు గుజ్జులోనైతే నూటికి పది పాళ్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది.

మీలో చాలామందికి ఈపాటికి ఓ అనుమానం వచ్చి ఉంటుంది. ‘మా తాతల నాటి నుంచి ఇంటి కుక్కకు మిగిలిన చేపల పులుసు అన్నమే పెడుతున్నాం. ఏ కుక్కకేమైంది?’ అని. న్యాయమైన ప్రశ్నే. పులుసులో చింతపండు నీళ్లలో కలిసి పలచబడుతుంది, కుక్క తినేది కాస్త. అది తిన్న ప్రతి కుక్కా చచ్చిపోదు. కిస్మిస్ కూడా అంతే. ఒక కుక్క గుప్పెడు తిని బాగానే ఉంటుంది, ఇంకో కుక్కకు కొన్ని గింజలకే కిడ్నీలు పోతాయి. నమోదైన కేసుల్లో కిలో శరీర బరువుకు సుమారు 3 గ్రాముల కిస్మిస్‌కే దెబ్బతిన్నవి ఉన్నాయి. అంటే 5 కిలోల పొమరేనియన్‌కు 15 గ్రాములు, ముప్పై గింజల లెక్క. ఇంకో సంగతి. మన పెరట్లో తిరిగి, ఓ రోజు కనిపించకుండా పోయిన కుక్కకు క్రియాటినిన్ ఎవరు చూశారు? ‘ఏదో తిన్నట్టుంది, పోయింది’ అనుకున్నాం. ఏమీ కాలేదని మనం ధీమాగా అనలేం.

కాబట్టి నిన్న నాలుగు మెతుకుల పులుసన్నం తిన్నదని కంగారు పడకండి. పులిహోర ముద్దలు, చింతపండు ఉండలు, చింతపండు చాక్లెట్లు, కిస్మిస్ పడిన ఏ మిఠాయి అయినా మాత్రం పెట్టకండి. ‘ఎన్ని పెట్టొచ్చు’ అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

నా దగ్గరికి డయాలసిస్ చేయించుకునే ఒకాయన వచ్చేవారు. తీరప్రాంత పల్లె. ఎప్పుడూ ఆయన భార్యే తోడు వచ్చేది. ఓసారి ఆయన రిపోర్టులు చూపించాక ఆమె చీర కొంగులో చేతులు చుట్టుకుని నిలబడింది. ‘బాబూ, మా రాజుగాడు రెండ్రోజుల నుంచి ముద్ద ముట్టట్లేదు. వాంతులు. ఒంటేలు కూడా పోయట్లేదు. మీకాడ ఏటైనా మందుంటే రాయండి బాబూ’ అంది. రాజుగాడంటే మనవడేమో అనుకున్నాను. కుక్క. ఏం తిన్నదమ్మా అని అడిగితే, ఊరి నుంచి వచ్చిన కొడుకు తెచ్చిన జీడిపప్పు, కిస్మిస్ ప్యాకెట్లో ‘జీడిపప్పు ఈయన తినకూడదు కదా, కిస్మిస్ కూడా వద్దన్నారు కదా’ అని, ఊరికే పాడవుతాయని కిస్మిస్ మొత్తం కుక్కకు పెట్టారట. ఆమె చేసిన దాంట్లో ఒక్క తప్పూ లేదు. పొటాషియం ఎక్కువని కిస్మిస్ వద్దని ఆయనకు చెప్పింది మేమే. వెంటనే పశువైద్యుడి దగ్గరికి పంపాను. ఆయన రక్తపరీక్ష చేయించి చెప్పిన అంకె విన్నాక ఆమెకు ఎవరూ ఇంకేమీ వివరించక్కర్లేకపోయింది. ఉద్దానంలో అక్షరం ముక్క రాని వాళ్లకు కూడా క్రియాటినిన్ ఎంతుంటే ఏమిటో తెలుసు. మూడు రోజులు సెలైన్ పెట్టారు. కుక్క దక్కలేదు. మొదటి రోజే తీసుకెళ్లి ఉంటే బహుశా దక్కేది.

మిగతా నిషేధాలు

ఇవి కొంచెం ఎక్కువ మందికి తెలుసు కాబట్టి త్వరగా చెబుతాను. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ఎండబెట్టిన పొడి ఇంకా ఘాటు. చికెన్ కూర గ్రేవీ కలిపి బిస్కెట్లు చేస్తే రుచిగా ఉంటాయని ఓ వీడియోలో చూపించారట. ఆ గ్రేవీ నిండా ఉల్లిపాయే. చాక్లెట్ వద్దు, కోకో పొడి అసలే వద్దు. ఈస్ట్ వేసిన పచ్చి పిండి కుక్క కడుపులో పొంగుతుంది, సారాయిగా కూడా మారుతుంది. గిన్నె అందకుండా పెట్టండి.

షుగరు ఉన్న వాళ్ల ఇళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. చక్కెర లేని చూయింగ్ గమ్‌లు, కొన్ని మిఠాయిలు, కొన్ని పీనట్ బటర్లలో జైలిటాల్ ఉంటుంది. ప్యాకెట్ మీద 967 అనే అంకెగా కూడా రాసి ఉండొచ్చు. అది మన షుగరును పెంచదు. కుక్కలో మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి తూలుతుంది, ఫిట్స్ వస్తాయి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ‘షుగర్ ఫ్రీ కదా, కుక్కకు మంచిదే’ అనుకోవద్దు.

ఇక పలాస వాళ్లం కాబట్టి జీడిపప్పు సంగతి అడగకుండా ఉండరు. అది విషం కాదు. ఉప్పు, మసాలా లేని పప్పు ఒకటీ అరా తింటే ఏమీ కాదు. కానీ అందులో దాదాపు సగం కొవ్వే. కొవ్వు ఎక్కువైతే కొన్ని కుక్కలకు క్లోమగ్రంథి వాచి తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు వస్తాయి. పచ్చి జీడిపిక్కలు మాత్రం కుక్క నోటికి అందనివ్వకండి. ఆ పెంకులోని జీడి చేతులను ఎలా కాలుస్తుందో పిక్కలు కొట్టే ఆడవాళ్లను అడిగితే చెబుతారు. కుక్క నాలుక అంతకంటే సుకుమారం. మామిడి టెంక, పనస పిక్క కూడా పారేసేటప్పుడు చూసుకోండి, మింగితే పేగుల్లో ఇరుక్కుంటాయి.

మరి ఏం చేద్దాం?

కుక్క మాంసాహారి కదా, పిండితో చేసిన బిస్కెట్ దానికి పడుతుందా అని కొందరికి సందేహం. పడుతుంది. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్ జన్యువు తోడేలుకు 2 ప్రతులుంటే కుక్కకు 4 నుంచి 30 దాకా ఉంటాయి. వేల ఏళ్లు మన గింజలు తిని బతికిన జంతువది. 1860ల్లో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ అమ్మిన తొలి కుక్క బిస్కెట్ కూడా గోధుమపిండి, కూరగాయలు, మాంసంతో చేసిందే.

మన దగ్గర సులువుగా దొరికే వాటితో ఒక పద్ధతి చెబుతాను. గోధుమపిండి 120 గ్రాములు, చోడిపిండి, అంటే రాగిపిండి, 120 గ్రాములు తీసుకోండి. ఆవిరి మీద ఉడికించి మెత్తగా మెదిపిన తియ్య గుమ్మడికాయ 100 గ్రాములు, ఒక గుడ్డు కలపండి. అవసరమైతే నీళ్లు చిలకరించి చపాతీ పిండి కంటే గట్టిగా ముద్ద చేయండి. ఉప్పు, పంచదార, బెల్లం, నెయ్యి, బేకింగ్ పౌడర్ ఏవీ వద్దు. మీ నోటికి ఇది చప్పగా ఉంటుంది. ఉండాలి కూడా. కుక్కకు వాసన ముఖ్యం, గుడ్డు వాసన దానికి చాలు. గుమ్మడికాయ లేకపోతే చిలగడదుంప వేసుకోవచ్చు. మాంసం రుచి కావాలంటే ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్‌ను ఎముక లేకుండా చిదిమి కొంచెం కలపండి. పచ్చి గుడ్డు, పచ్చి మాంసంలో సాల్మొనెల్లా ఉండొచ్చు. అది కుక్క కంటే ముందు పిండి కలిపిన చేతుల ద్వారా మీ పిల్లలకు చేరుతుంది. పని కాగానే చేతులు, గిన్నెలు సబ్బుతో కడగండి.

ముద్దను అర సెంటీమీటరు మందంలో ఒత్తి, 60 చిన్న ముక్కలుగా కోయండి. ఓవెన్ ఉంటే 170 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. ఆపాక వెంటనే తీయకుండా ఆ వేడికే ఆరనివ్వండి. ఓవెన్ లేని వాళ్లు మందపాటి పెనం మీద మూతపెట్టి, సన్నని సెగ మీద రెండు వైపులా తిప్పుతూ కాల్చినా సరిపోతుంది. టైము ఎక్కువ పడుతుంది, అంతే. విరిస్తే టక్కుమనాలి, మధ్యలో మెత్తదనం ఉండకూడదు.

ఈ మెత్తదనం మన ప్రాంతంలో చిన్న విషయం కాదు. సముద్రం దగ్గర, వానాకాలం గాలిలో ఎప్పుడూ తేమే. సరిగ్గా ఎండని బిస్కెట్‌కు నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. మనకైతే చేదు తగిలి ఉమ్మేస్తాం, కుక్క గుటుక్కున మింగేస్తుంది. వేరుశనగ, మొక్కజొన్న పిండికి పట్టే ఒక రకం బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. కుక్క కాలేయాన్ని అది సులువుగా పాడు చేస్తుంది. మనం తినడానికి పనికిరాదని పక్కన పెట్టిన పాత పిండిని ‘కుక్కకే కదా’ అని వాడడం మానేయాలి. వారానికి సరిపడా గాలి చొరని డబ్బాలో ఉంచి, మిగతావి డీప్ ఫ్రీజర్లో పెట్టండి.

ఎన్ని పెట్టాలి?

నాకు బాగా చిరాకు కలిగించే విషయం ఇదే. మనుషుల్లో ఊబకాయం, షుగరు చూసీ చూసీ, అదే కుటుంబం వెంట వచ్చిన కుక్క నడవలేక ఆయాసపడుతుంటే వేరే కారణం వెతకాలనిపించదు. ఇంట్లో నలుగురుంటే నలుగురూ విడివిడిగా పెడతారు. తాతగారు టీ తాగుతూ ఒకటి, పిల్లాడు స్కూలు నుంచి వచ్చి రెండు.

రోజు మొత్తం తిండిలో ఇలాంటి చిరుతిళ్లు పదో వంతు దాటకూడదన్నది పశువైద్యులు చెప్పే సూత్రం. 10 కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు 600 క్యాలరీలు కావాలి. అందులో పదో వంతు 60. పైన చెప్పిన పిండి మొత్తంలో దాదాపు 900 క్యాలరీలున్నాయి, 60 ముక్కలు చేస్తే ముక్కకు 15. అంటే 10 కిలోల కుక్కకు రోజుకు నాలుగు. 5 కిలోల బుజ్జి కుక్కకు రెండు. 20 కిలోల లాబ్రడార్‌కు ఏడు. పోలిక కోసం చెబుతున్నా, జీడిపప్పు ఒక్కో పలుకులో సుమారు 9 క్యాలరీలు, కొట్లో దొరికే గ్లూకోజ్ బిస్కెట్‌లో ఇరవై పైనే. పొద్దున్నే ఆ రోజు కోటాను ఒక చిన్న డబ్బాలో వేసి పెట్టండి. ఎవరు పెట్టినా అందులోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు ముద్దు చేయడమే బహుమతి.

కిడ్నీ జబ్బు ఉందని ఇప్పటికే తేలిన కుక్కకు ఈ బిస్కెట్లు కూడా పశువైద్యుణ్ని అడగకుండా పెట్టొద్దు. మాంసకృత్తులు, భాస్వరం దానికి లెక్క ప్రకారం ఇవ్వాలి. కొబ్బరినీళ్లు కూడా తాగించకండి. మా డయాలసిస్ రోగులకు పొటాషియం వల్ల ఎందుకు వద్దంటామో దానికీ అందుకే.

బిస్కెట్‌లో దాచే మాత్ర

కుక్క మాత్ర మింగదు కాబట్టి బిస్కెట్‌లోనో ఉండలోనో దాచి పెడతారు. పశువైద్యుడు రాసిన మాత్రయితే మంచి ఉపాయమే. కానీ కుక్క కుంటుతుంటే ఇంట్లో ఉన్న నొప్పి మాత్రే సగం విరిచి పెట్టేవాళ్లున్నారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీలకు రక్తం అందకుండా చేస్తాయి. పారాసెటమాల్ కూడా సొంతంగా ఇవ్వదగింది కాదు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వల్ల, వాటి కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై చనిపోయాయని తేలాకే 2006లో మన దేశం దాన్ని పశువుల వాడకంలో నిషేధించింది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కచ్చితమైన కారణం ఇదీ అని ఇంకా తేలలేదు గానీ, ఉన్న కిడ్నీని నొప్పి మాత్రలతో ఇంకా పాడు చేసుకోవద్దని మేం మనుషులకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది. ఆ మాట ఇంట్లో నాలుగు కాళ్ల వాడికీ వర్తిస్తుంది.

బిస్కెట్లు చేశాక పిల్లలు వీధి కుక్కలకూ పెడతామంటారు. పెట్టనివ్వండి, కానీ చేతితో నోటికి అందించొద్దు. నేల మీద వేసి దూరంగా జరగాలి. మీ కుక్కకు మూడో నెల నుంచి పశువైద్యుడు చెప్పినట్టు రేబిస్ టీకా ఏటా తప్పక వేయించండి. పన్ను గీరుకున్నా సరే, ఆ చోట సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకురండి. పసుపు, కారం, సున్నం పూయకండి.

పొరపాటున తింటే

కుక్క కిస్మిస్, చింతపండు, చాక్లెట్, జైలిటాల్ తిన్నదని తెలిస్తే వాంతులు మొదలయ్యేదాకా ఆగొద్దు. తిన్న రెండు గంటల్లోపు తీసుకెళ్తే పశువైద్యుడు ఇంజెక్షన్‌తో వాంతి చేయించగలరు. ఇంట్లో ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం చేయకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. కిస్మిస్ అయితే వాంతి అయిపోయాక బాగానే కనిపించినా సరే, రెండు మూడు రోజులు సెలైన్, క్రియాటినిన్ పరీక్షలు అవసరమా అని అడగండి. మూత్రం పోస్తోందో లేదో గమనిస్తూ ఉండండి. మీ మండల పశువైద్యశాల డాక్టరు ఫోన్ నంబరు ఇప్పుడే తెలుసుకుని ఫోన్‌లో పెట్టుకోండి, రాత్రి పదకొండింటికి వెతికితే దొరకదు. వెళ్లేటప్పుడు తిన్న వస్తువు ప్యాకెట్ పట్టుకెళ్లండి. ఎన్ని తిన్నది, ఎన్ని గంటలకు తిన్నది, కుక్క ఎన్ని కిలోలుంటుంది... ఈ మూడూ డాక్టరు ముందుగా అడుగుతారు.